పాచికి తిండి పెట్టేదెవరు?



సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలో బొంతపల్లి అనే ఊరు ఉన్నది. వీరభద్రస్వామి గుడి వల్లనూ, చుట్టుపక్కల వెలసిన కర్మాగారాల వల్లనూ ఆ ఊరి పేరు చాలామందికి తెలుసు. ఆ ఊళ్ళో ఒక ఇంటివారు కిటికీ పక్కన చేపల తొట్టి పెట్టారనుకోండి. పొడవు రెండడుగులు, వెడల్పు ఒక అడుగు, ఎత్తు ఒక అడుగు. అడుగున గులకరాళ్ళు పరిచి, నాలుగు నీటిమొక్కలు నాటి, ఆరు గప్పీ చేపలను వదిలారు. మొదట్లో తొట్టి అద్దంలాగా తళతళలాడుతుంది. నెల తిరిగేసరికి గాజు మీద పచ్చని పొర కడుతుంది. ఆకుల చివరల నుంచి వెంట్రుకల వంటి నాచు వేలాడుతుంది.

అప్పుడేం చేస్తారు? నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళను సబ్బు పెట్టి తోమి, కుళాయి నీళ్ళు నింపుతారు. కొద్దిరోజులకు చేపలు ఒక్కొక్కటే చచ్చి తేలుతాయి. పాచి మాత్రం మళ్ళీ వస్తుంది! చేపలు పోయాయి గాని పాచి పోలేదు. ఇట్లా ఎందుకు జరుగుతుందో తెలుసుకుందాం.

పాచి కూడా మొక్కల వంటిదే. దానికి వేరూ, కాండమూ, ఆకూ ఉండవు. కాని పత్రహరితం ఉన్నది. వెలుతురు సాయంతో నీటిలోని బొగ్గుపులుసు వాయువు నుంచి తన ఆహారం తానే తయారు చేసుకుంటుంది. దీనితోపాటు దానికి నత్రజని, భాస్వరం కావాలి. ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? మీరు చేపలకు వేసే తిండి నుంచే! చేపలు తినగా మిగిలినది అడుగున కుళ్ళుతుంది. తిన్నది మలంగా మారి నీళ్ళలో కలుస్తుంది. అంటే, మనం చేపలకు వడ్డిస్తున్నామనుకుంటాం గాని, పాచికి కూడా వడ్డిస్తూనే ఉన్నామన్నమాట.

ఈ సంగతిని కెనడా దేశంలో ఒక పెద్ద సరస్సులోనే పరీక్షించారు. ఆంటేరియో రాష్ట్రంలో శాస్త్రజ్ఞుల ప్రయోగాల కోసం కొన్ని సరస్సులను ప్రత్యేకించారు. వాటిలో 226వ నంబరు సరస్సును 1973లో మధ్యకు తెర కట్టి రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో బొగ్గుకు, నత్రజనికి సంబంధించిన పదార్థాలు మాత్రమే కలిపారు. రెండో భాగంలో వాటితోపాటు భాస్వరం కూడా కలిపారు. మొదటి భాగం నీళ్ళు మామూలుగానే ఉన్నాయి. భాస్వరం కలిపిన భాగం పచ్చగా మారిపోయింది! విమానం నుంచి తీసిన ఫోటోలో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సరస్సులో పాచిని ఆపి ఉంచినది భాస్వరం కొరతే.

మరి తొట్టి అంతా తోమి కడిగితే చేపలు ఎందుకు చచ్చిపోయాయి? చేపల మలం నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. గులకరాళ్ళను, ఫిల్టరు స్పాంజిని అంటిపెట్టుకుని కంటికి కనబడని బాక్టీరియాలు ఉంటాయి. అవి అమ్మోనియాను ముందు నైట్రైట్‌గానూ, తరువాత నైట్రేట్‌గానూ మారుస్తాయి. నైట్రేట్ చేపలకు అంతగా హాని చేయదు. మొక్కలకు ఎరువు కూడా. ఈ బాక్టీరియాలు కొత్త తొట్టిలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సబ్బుతో తోమినవాడు పాచితోపాటు ఈ కాపలాదారులను కూడా చంపేశాడు! అందుచేతనే స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. కుళాయి కింద పెట్టరాదు.

పాచిని అదుపులో పెట్టాలంటే ఉపాయం ఒక్కటే. మొక్కలను మొదటి బంతికి కూర్చోబెట్టండి. అవి కడుపునిండా తిన్న తరువాత పాచికి మిగిలేది కొంచెమే. హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి త్వరగా పెరిగే మొక్కలు ఎక్కువగా నాటండి. కుళ్ళిన ఆకులను అప్పటికప్పుడు కత్తిరించి తీసేయండి.

తొట్టిని ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెట్టకండి. దీపం రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. చేపలకు రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినగలిగినంత తిండి వేయండి. వారానికొకసారి నాలుగో వంతు నీళ్ళు తీసి కొత్తవి పోయండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి వెడల్పాటి బకెట్లో ఒక రోజంతా ఉంచి వాడండి. బోరు నీళ్ళయితే తొట్టి నీళ్ళంత వెచ్చబడేదాకా ఆగండి.

కర్మాగారాల దాపున ఉన్న వాగు నీళ్ళు, కుంట నీళ్ళు మాత్రం తేవద్దు. అందులో కంటికి కనబడని రసాయనాలు ఉండవచ్చు. పటాన్‌చెరు ప్రాంతంలో వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి నీళ్ళు చెడిపోయిన సంగతి 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

పాచిని తినే జీవాలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన సుమారు 54 లీటర్లు పట్టే గాజుపాత్రలో సగానికి నీళ్ళు పోసి, రెండు బంగారు చేపలను, ఒక వాలిస్నేరియా మొక్కను పెట్టాడు. కొంతకాలానికి ముసలి ఆకులు కుళ్ళి, నీళ్ళు మసకబారి, గాజుకు పచ్చని జిగురు పట్టింది. ఆయన నీళ్ళు పారబోయలేదు. అయిదారు నీటినత్తలను తెచ్చి వదిలాడు. అవి కుళ్ళిన ఆకునూ, జిగురునూ తినేసి నీటిని తేటపరిచాయి. పైగా నత్తలు పెట్టిన గుడ్లు చేపలకు ఆహారమయ్యాయి! ఈ సంగతులను ఆయన 1850లో ప్రకటించాడు.

అయితే ఒక హెచ్చరిక. పాచి తింటుందని అంగళ్ళలో సకర్ చేపను అమ్ముతారు. అది వేలెడంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. పెరిగితే అడుగును మించిపోతుంది. తొట్టిలో పట్టక కొందరు దానిని చెరువులో వదిలేస్తారు. దాని సొంత గడ్డ దక్షిణ అమెరికా. మన నీళ్ళలో అది పిల్లలు పెట్టి, గట్టి ముళ్ళతో జాలరుల వలలను చింపి, వాళ్ళ పొట్ట కొడుతున్నది. కాబట్టి తొట్టిలోని చేపను గాని, మొక్కను గాని చెరువులో వదలకండి.

ఇప్పుడు మీరే ఒక ప్రయోగం చేసి చూడండి. మూడు గాజు సీసాలలో ఒకే కొలత చొప్పున, ఒకరోజు నిలవ ఉంచిన నీళ్ళు పోయండి. ఒక్కొక్క దానిలో తొట్టిలోని పచ్చని నీళ్ళు ఒక చెంచా కలపండి. మొదటి సీసాలో, మూడో సీసాలో చిటికెడు చేపల తిండి వేయండి. రెండో దానిలో ఏమీ వేయకండి. మొదటి రెండింటినీ వెలుతురులోనూ, మూడోదానిని చీకటి అల్మారాలోనూ పెట్టండి. దోమలు గుడ్లు పెట్టకుండా మూతులకు గుడ్డ కట్టడం మరచిపోవద్దు. పదిహేను రోజులు ప్రతి ఉదయం చూసి, రంగును నోటుబుక్కులో రాయండి. ముందుగా పచ్చబడేది ఏదో ఇప్పటికే ఊహించి ఉంటారు. తిండి ఉన్నా వెలుతురు లేకపోతే ఏమవుతుందో, వెలుతురు ఉన్నా తిండి లేకపోతే ఏమవుతుందో మిగతా రెండు సీసాలూ చెబుతాయి.

హైదరాబాదులోని హుసేన్‌సాగర్ 16వ శతాబ్దంలో తవ్వించిన చెరువు. నగరపు మురుగునీరు అందులో కలుస్తూ వచ్చిన కారణంగా వేసవిలో నీళ్ళు చిక్కగా పచ్చబడి వాసన కొడతాయి. మురుగులో ఉండేదీ నత్రజని, భాస్వరాలే. రాత్రిపూట వెలుతురు ఉండదు కాబట్టి పాచి ప్రాణవాయువును ఇవ్వదు, తానే పీల్చుకుంటుంది. అందుకే పాచి మితిమీరిన చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. కొల్లేటి ప్రాంతపు చేపల రైతులు ఆ వేళకు చెరువు గట్టు మీదికి వెళ్ళేది అందుకే.

గాజుతొట్టి చిన్నది కాబట్టి దానిని మీరొక్కరే చక్కదిద్దుకోగలరు. చెరువును కాపాడాలంటే ఊరంతా కలవాలి. రెండింటిలోనూ పాచిని తిట్టేముందు దానికి తిండి పెట్టేదెవరో కనుక్కోవాలి!