వెలిగొండ నిర్వాసితులు: మొదట ఇల్లు, పిదప నీరు

శరణార్థి యనగానే మనకు దూరదేశముల సరిహద్దులును, గుడారముల వరుసలును తలపునకు వచ్చును. శత్రుభయముచేతనో, మతద్వేషముచేతనో స్వదేశమును విడిచి పరదేశమున నీడ వెదకుకొనువాడు శరణార్థి. అట్టివానికి ఆశ్రయమొసగుట నాగరక ప్రభుత్వముల ధర్మమని 1951లో జెనీవా నగరమున రాజ్యములు ఒడంబడిక చేసికొన్నవి. భారతదేశ మాయొడంబడికలో చేరకున్నను, 1947 తరువాత పంజాబు, వంగదేశములనుండి వచ్చిన లక్షోపలక్షల జనమునకును, 1959లో టిబెట్టునుండి వచ్చినవారికిని నీడనొసగి కీర్తి గడించినది. ఆంధ్రులకును ఈ యనుభవము క్రొత్తది కాదు. యుద్ధకాలమున, 1942లో, బర్మానుండి అడవులు, కొండలు దాటి కాలినడకను ఇంటిముఖము పట్టిన తెలుగువారెందఱో! 1964 తరువాతకూడ అక్కడి ఆస్తిపాస్తులను వదలుకొని వేలాది కుటుంబములు మరలివచ్చినవి. ఆ జ్ఞాపకమే విశాఖపట్టణపు కంచరపాలెమున బర్మాక్యాంపు అను పేరుగా నిలిచియున్నది.

ఐనను సరిహద్దు దాటకయే శరణార్థి యగువాడు మఱియొకడు కలడు. అతనిని తరుమునది శత్రుసేన కాదు, స్వప్రభుత్వము త్రవ్వించు జలాశయము. అతని భాషయు మారదు, పౌరసత్వమును పోదు, పోవునది ఊరు. ఐక్యరాజ్యసమితి 1998లో వెలువరించిన మార్గదర్శక సూత్రములు, స్వదేశమునందే స్థానభ్రష్టులైనవారి రక్షణభారము మొట్టమొదట ఆ దేశప్రభుత్వముదే యని స్పష్టముగ చెప్పినవి. మన పశ్చిమ ప్రకాశమున, నల్లమల యడుగున, అట్టి నిర్వాసితులు వేలకొలది కలరు. వారి విషయమై యోచించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

కొండల నడుమ జలాశయము

మార్కాపురము, గిద్దలూరు, యెఱ్ఱగొండపాలెము, కనిగిరి ప్రాంతముల నీటికఱవు నెఱుగనివారుండరు. వర్షము తక్కువ, బావినీరు లోతు, కనిగిరి ప్రాంతమున ఆ లోతునీటియందును ఫ్లోరైడు విషము. ఎముకలు వంగిన మనుష్యులు, మచ్చలు పడిన పండ్లుగల పిల్లలు అచ్చటి పల్లెలలో సామాన్యదృశ్యము. కూలికై హైదరాబాదునకో, గుంటూరునకో వలసపోవుట యేటేట జరుగునదే. ఈ దుస్థితి తీర్పదలచి సంకల్పింపబడినది వెలిగొండ పథకము. ఈ ప్రాంత ప్రజలకొఱకు పాటుపడిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్యగారి పేరు దానికి పెట్టబడినది.

పథకస్వరూపము సంక్షేపముగ నిది. శ్రీశైలము జలాశయమునందలి కొల్లంవాగువద్ద కృష్ణ వరదనీటిని అందుకొని, నల్లమల గర్భమున సుమారు 18.8 కిలోమీటర్ల పొడవుగల రెండు సొరంగములద్వారా ఈవలికి తేవలెను. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల యను మూడుచోట్ల కొండలనడిమి సందులను ఆనకట్టలతో మూసి, నల్లమలసాగరమను జలాశయమున ఆ నీటిని నిలుపవలెను. పథకమునకు ఉద్దేశింపబడిన నీరు 43.5 టి.ఎం.సి.లు, జలాశయపు పరిమాణము 53.85 టి.ఎం.సి.లు. ప్రకాశము, నెల్లూరు, కడప సీమలందు 4,47,300 ఎకరముల భూమికి సాగునీరు, 15 లక్షలకు మించిన జనమునకు త్రాగునీరు దీని లక్ష్యము. కొండసందును మూసి నీరు నిలుపుట ఈ సీమకు క్రొత్తవిద్య కాదు. విజయనగర కాలమున రెండు కొండల నడుమ కట్టవేసి గుండ్లకమ్మను నిలిపిన కంభము చెఱువు, వరదరాజమ్మ పేర జనులు చెప్పుకొనునది, నేటికిని మనకన్నులయెదుట నున్నది.

1996లో శంకుస్థాపన జరిగినది. 2004 తరువాత పనులు వేగము పుంజుకొన్నవి. మొదటి సొరంగము త్రవ్వకము 2021 జనవరియందును, రెండవది 2024 జనవరియందును ముగిసినవి. ఆ యేడు మార్చిలో సొరంగములు జాతి కంకితము చేయబడినవి. కాని ఆ యుత్సవమునాటికి జలాశయమున మునుగవలసిన పదునొకండు గ్రామములలో జనము కాపురమున్నారు. వారి పునరావాసము ముగియలేదు.

ముంపు అను పేరు పడిన ఊరు

పెదారవీడు, మార్కాపురము, అర్ధవీడు మండలములందలి సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ, అక్కచెఱువు తండా, లక్ష్మీపురము మున్నగునవి ఆ గ్రామములు. వారి కుటుంబములు ఏడు వేలకు మించునని లెక్క. రైతులు, కూలీలు, మేకలకాపరులు, తండాలలోని సుగాలీలు వీరిలో నున్నారు.

నీరు రాకపూర్వమే ముంపు ప్రారంభమగునను సంగతి పట్టణవాసులకు తెలియదు. ఒక యూరికి ముంపుగ్రామమని పేరు పడిన దినమునుండి ఇల్లు బాగుచేసికొనువాడుండడు. మునుగు ఊరికి రోడ్డేల, పాఠశాల కొఱకు క్రొత్తగది యేల యని అధికారులందురు. పొలముపై అప్పు పుట్టదు. ఆ యూరికి పిల్లనిచ్చుటకు వియ్యాలవారు వెనుకాడుదురు. నేడో రేపో లేవవలసినదే యను మాటతో ఏండ్లు గడచును. 1996లో పుట్టిన శిశువు నేడు బిడ్డలతండ్రి కావలసిన వయసువాడు. అతడు పుట్టినది మొదలు వినుచున్నది ఈ మాటయే. నీటిలో మునిగిన ఊరినుండి మనుష్యుడు లేచిపోవచ్చును. నిరీక్షణలో మునిగిన ఊరినుండి ఎచ్చటికి పోవును?

చట్టము చెప్పునది

నిర్వాసితుల యెడ ప్రభుత్వము చేయునది దానమా, ఋణవిమోచనమా? ఈ ప్రశ్నకు 2013నాటి భూసేకరణ, పునరావాస చట్టము సమాధానమొసగినది. అది 2014 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. నీటిపారుదల పథకములకొఱకు భూమి సేకరించునపుడు, ఆ భూములు మునుగుటకు ఆఱు మాసములు ముందుగానే పునరావాసము పూర్తి కావలెనని దాని 38వ సెక్షను శాసించుచున్నది. నీరు వచ్చినపిదప గుడారములు వేయుట కాదు. గుడారములతో పనిలేకుండ నీరు వచ్చుట చట్టము కోరునది.

ఆ చట్టపు రెండవ షెడ్యూలు ఇల్లు కోల్పోయినవానికి కట్టిన ఇంటిని నిర్దేశించినది. ఉద్యోగమో, అది లేనిచో ఒకేమాఱు 5 లక్షల రూపాయలో, లేదా ధరలసూచికి అనుగుణముగ పెరుగునట్లు 20 సంవత్సరములు నెలకు 2,000 రూపాయలకు తక్కువగాని భృతియో కోరుకొనవచ్చును. ఒక సంవత్సరము నెలకు 3,000 రూపాయల పోషణవ్యయము, సామాను తరలించుకొనుటకు 50,000 రూపాయలు కలవు. నీటిపారుదల పథకములలో, సాధ్యమైనంతవఱకు పరిహారమునకు బదులుగా, ఆయకట్టునందు కనీసమొక యెకరము భూమి నీయవలెనని, జలాశయమున చేపలుపట్టుహక్కు నిర్వాసితులకు ఈయవచ్చునని కూడ చెప్పినది. భూమి లేకున్నను, మూడేండ్లుగా ఆ యూరినే నమ్మి బ్రతికిన కూలీయు, కౌలుదారుడును, చేతిపనివాడును బాధితకుటుంబములలోని వారే.

మూడవ షెడ్యూలు మఱియు గమనింపదగినది. బడి, అంగన్వాడి, పశువులమేత భూమి, శ్మశానము, రెండు కిలోమీటర్లలోపల ఆరోగ్య ఉపకేంద్రము మాత్రమే కాదు. ప్రతి యేబది కుటుంబములకు ఒక దేవాలయమువంటి పూజాస్థలమును, కూర్చుండి మాటలాడుకొనుటకు చెట్టుక్రింద నొక అరుగును ఉండవలెనట! ఆ లెక్కన ఏడు వేల కుటుంబములకు 140 రచ్చబండలు కావలెను. ఊరనగా ఇండ్ల వరుస కాదని, నలుగురు కూడి బ్రతుకు చోటని శాసనకర్తలు గుర్తించిరని దీనివలన తేలుచున్నది.

శ్రీశైలము నేర్పిన పాఠము

వెలిగొండకు నీరిచ్చునది శ్రీశైలము జలాశయము. ఆ జలాశయ మెట్లు నిండినదో మఱవరాదు. కర్నూలు, మహబూబునగరు జిల్లాలందు సుమారు నూఱు గ్రామములు దాని గర్భమున కలిసినవి, లక్షమందివఱకు స్థానభ్రష్టులైరి. 1981లో పెక్కు గ్రామములలో ఇండ్లు కూల్చి జనమును బలవంతముగ లేవదీసిరి. నిర్వాసిత కుటుంబములకు ఉద్యోగములు చూపుటకై 1986లో 98వ నంబరు ఉత్తర్వు వెలువడినది. దశాబ్దములు గడచినను ఆ యుత్తర్వు పేర వినతులు, ధర్నాలు ముగియలేదు. తండ్రి పెట్టిన దరఖాస్తును కొడుకు చేతబట్టుకొని తిరిగిన కుటుంబములున్నవి. ఏఱు దాటి తెప్ప తగులబెట్టుట యని సామెత. ప్రాజెక్టు పూర్తియగువఱకు నిర్వాసితుని సహకారము కావలెను. పూర్తియైన తరువాత అతని మొగము చూచువారుండరు. ఒకమాఱు ఊళ్లను ముంచి నిలిచిన కృష్ణజలమే కొండ దాటివచ్చి మఱల ఊళ్లను ముంచునపుడు, మొదటి తప్పు రెండవసారి జరుగకుండ చూచుట కనీసధర్మము.

స్వతంత్రదేశమునకు ఈ పని చేతకాదనుట పొరపాటు. 1948లో నీలోఖేరియందును, 1949 మొదలు ఫరీదాబాదునందును శరణార్థులచేతనే ఇండ్లు, రోడ్లు కట్టించి, ఆ కూలి వారికే దక్కునట్లుచేసి పట్టణములు నెలకొల్పిన దేశమిది. ఖజానా నాడు నేటికంటె సమృద్ధమైనది కాదు. నాడున్నది, నేడు కావలసినది సంకల్పమొక్కటియే.

రెండు పక్షములు లేవు

నిర్వాసితులు అడ్డుపడుటచేతనే నీరు ఆలస్యమగుచున్నదని కొందఱందురు. కనిగిరి తల్లి బిందె పట్టుకొని ట్యాంకరుకై కాచియుండగా, ఏడు వేల కుటుంబములకై పదునైదు లక్షలమంది ఆగవలెనా యని ప్రశ్నింతురు. ఆ తల్లి దాహమును తక్కువచేసి మాటలాడుట మా యభిమతము కాదు. కాని ఆలస్యమునకు హేతువు నిర్వాసితుడు కాడు, అతనికి చెల్లింపని బాకీ. సొరంగము త్రవ్విన గుత్తదారునకు బిల్లు చెల్లనిచో పని ఆగునని అందఱు నొప్పుకొందురు. ఊరు వదలియిచ్చువాని బిల్లు చెల్లనిచో పని సాగునని యెట్లు తలతురు? పునరావాసవ్యయము పథకపు ఖర్చులో భాగము. సిమెంటు, ఇనుమువలె అదియు కొలిచి, లెక్కించి, మొదటనే కేటాయింపవలసినది. ప్రతి బడ్జెటునందును దానిని చిట్టచివరకు నెట్టుటచేతనే దప్పిగొన్నవానికిని, ఇల్లు కోల్పోవువానికిని పోరు పుట్టుచున్నది. వారిరువురు ఒకే సీమ బిడ్డలు.

రొక్కముచేతిలో పెట్టి చేతులు దులుపుకొనుటయు పరిష్కారము కాదు. ఇల్లు కట్టిచూడు, పెండ్లి చేసిచూడు అన్నారు పెద్దలు. ఏండ్లతరబడి అప్పులలో నున్న కుటుంబమునకు ఒకేమాఱు వచ్చిన సొమ్ము పాతబాకీలకే చాలదు. రొక్కము కోరువానికి రొక్కము, ఇల్లు కోరువానికి ఇల్లు. కాని ఆ కోరిక తెలిసి చేసినదై యుండవలెను, విసిగి చేసినది కారాదు.

చేయవలసినది

ఇందుకు క్రొత్త చట్టములు అక్కఱలేదు. ఒకటి: ప్రతి ముంపుగ్రామమునందును కుటుంబములవారిగా రావలసినదెంత, ఇచ్చినదెంత, మిగిలినదెంత యను పట్టిక తెలుగున గోడపై ఉంచవలెను. రెండు: పదునెనిమిదేండ్లు నిండిన ప్రతి స్త్రీయు, పురుషుడును ప్రత్యేక కుటుంబమని చట్టము చెప్పుచున్నది, కావున ఎప్పుడో లెక్క తీసిన దినమునుబట్టి కాక, ఊరు విడుచు దినమునకు దగ్గఱి తేదీనిబట్టి ఆ వయస్సును లెక్కింపవలెను. ఆలస్యము ప్రభుత్వముది, దాని నష్టము యువకులపై పడుట న్యాయము కాదు. మూడు: కాలనీలలో నీరు, దీపము, బడి, శ్మశానము సిద్ధమైనవని ఆ గ్రామసభయే చెప్పినపిదప తరలింపు జరుగవలెను. నాలుగు: క్రొత్త జలాశయమున చేపలహక్కు మొదట వారి సహకార సంఘములకు దక్కవలెను. వీటన్నిటికిని గడువు నీరు విడుచుటకు ఆఱు మాసముల ముందని గుర్తుంచుకొనవలెను.

మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. అచ్చటి రాతిపలకపై తెలుగుబిడ్డలు తరతరములుగ ఓనమాలు దిద్దిరి. పలకపై వ్రాత తడిగుడ్డతో తుడిచిన పోవును. ఏడు వేల కుటుంబములకు ప్రభుత్వము పడిన ఋణము మాత్రము ఏబదిమూడు టి.ఎం.సి.ల నీరు పైనపాఱినను తుడిచిపోదు. దానిని ముందుగ తీర్చుదుము గాక. పిదప వచ్చు నీరు అందఱకును తీపియగును.