ఏటా ఏసీలో గ్యాస్ నింపిస్తున్నారా? ముందు లీక్ వెతికించండి

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఎండలు ముదిరాయంటే మెకానిక్‌ల నోట ఒకటే మాట: ‘గ్యాస్ అయిపోయింది, నింపాలి.’ మా ఇంట్లోనూ రెండేళ్లు ఇదే తంతు.

ఏసీ అంటే గదిలోని వేడిని బయటికి తోడే పంపు. ఆ వేడిని మోసే గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చు కాదు, మూసిన పైపుల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. అది మూయకుండా నింపితే పైసలు గాలికి పోయినట్టే.

గ్యాస్ నింపే ముందు నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, జాయింట్లకు సబ్బు నురుగు రాసి చూడమనండి. బుడగలొస్తే అక్కడే లీక్. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ బిల్లు, జాబ్ కార్డు తీసుకోండి. లోపం ఏంటో దానిమీద రాయించండి.

వారంటీలో ఉన్నా పదేపదే చెడిపోతుంటే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రిపేరు, కొత్త ఏసీ, లేదా డబ్బు వాపసు అడగొచ్చు. గడువు మాత్రం 2 ఏళ్లే.

అక్కడ మీ తరఫున మాట్లాడేవి ఆ జాబ్ కార్డులే. పారేయకండి.