చెఱువుకట్ట నడపు సంవత్సరము



డోర్నకల్లు అనగానే దూరపువారికి రైలుకూడలి జ్ఞప్తికి వచ్చును. 1888లో నైజాము రైలుదారి ఇచ్చటికి వచ్చెను. ఇచ్చటినుండి ఒక శాఖ ఇల్లెందు బొగ్గుగనుల వైపు సాగెను. మఱుసటి యేడు అసలుదారి బెజవాడను చేరెను. రైలు దిగినవారు 1939లో ప్రతిష్ఠింపబడిన పెద్ద చర్చిని చూచి, గుడిమండపపు స్తంభములును మసీదు మీనారులును ఒకే కట్టడమున ఇమిడియుండుటకు ఆశ్చర్యపడుదురు. ఇంతటితో ఊరు చూచితిమనుకొని వారు మరలిపోవుదురు. కాని ఒక క్రోసెడు దూరము ఏ దిక్కునకు నడచినను వేఱొక లోకము కనబడును: తాటితోపు, దాని వెనుక మట్టికట్ట, కట్టకు ఇవతల వరిమడి, అవతల నీరు. ఈ సీమ బ్రదుకును నడపునది ఆ కట్టయే. దానిని గుఱించియే నేడు నా నాలుగు మాటలు.

ఈ నేల చాలచోట్ల ఎఱ్ఱది, గరుసుది. వాన నాలుగు నెలలది. మున్నేరు వానకాలమున ఒడ్డులొరసి పాఱి, వేసవిలో ఇసుకతిన్నెల నడుమ సన్నని ధారయగును. ఏఱు పల్లమున, పొలము మెఱకన ఉన్నచో ఆ నీరు దానంతట అది పైకి రాదు. కావున మన పూర్వులు వానచినుకునే పట్టి నిలిపిరి. రెండు మిట్టల నడుమ పల్లమునకు అడ్డముగా కట్ట వేసిరి. పొలమునకు నీరు విడుచుటకు తూము పెట్టిరి. మిగులునీరు పోవుటకు మత్తడి కట్టిరి. పై చెఱువు మత్తడి దుమికిన నీరు క్రింది చెఱువును చేరునట్లు గొలుసుగా కూర్చిరి.

మనకు చేరువ బయ్యారమున నున్న పెద్దచెఱువు అట్టిదే. 1199 మొదలు 1262 వఱకు ఏలిన కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ దానిని కట్టించి, ధర్మకీర్తిసముద్రమని పేరిడెను. కాకతీయుల వంశావళిని తెలుపు ముఖ్యాధారములలో ఆ చెఱువు శాసనమొకటి. ఒక రాజవంశపు చరిత్ర కోటలో గాక చెఱువు చెంత దొరకుట ఆలోచింపదగిన విషయము. మన పెద్దలు తటాకమును సప్తసంతానములలో చేర్చిరి. బిడ్డను కన్నంత మాత్రమున తల్లిపని తీఱునా? కట్టించినంత మాత్రమున చెఱువుపని తీఱదు. అందుకే చెఱువును కట్టి కాపాడినవారికి దశబంధమను పేర భూమియో ఫలములో భాగమో ఇచ్చు పద్ధతిని పూర్వులు నెలకొల్పిరి.

నిత్యము కాచుటకు ఊరూర నీరటి యుండెడివాడు. నా చిన్నతనమున మా యూరి నీరటి ముసలివాడు. ఒక భాద్రపదపు రాత్రి వాన ఎడతెగక కురియుచుండగా మా తండ్రిగారు నన్ను వెంటబెట్టుకొని కట్టమీదికి పోయిరి. నీరటి గొంగడి కప్పుకొని, చేత కందీలు పట్టుకొని, కట్ట వెలుపలి వాలున వంగి నడచుచుండెను. “తాతా, నీళ్లు లోపలుంటే బయట ఏం వెతుకుతున్నవు?” అని అడిగితిని. “లోపలి నీళ్లు అందరికీ కనబడతయి కొడుకా. బయటి తడి నాకే కనబడాలె” అని అతడనెను.

ఎండ్రకాయ తొలిచిన బొక్కనుండి నీరు ఊరుచుండెను. ఊరునీరు తేటగానున్నచో భయము తక్కువ. మడ్డిగా వచ్చినచో కట్టలోని మన్ను కొట్టుకొనివచ్చుచున్నదని యర్థము. ఆ రాత్రి నీరు మడ్డిగా నుండెను. అతడు కేకవేయగా ఊరివారు పరుగెత్తి వచ్చి తెల్లవాఱువఱకు మట్టి మోసిరి. కట్ట నిలిచెను. ఎవరి యిల్లును మునుగలేదు. కావున ఆ రాత్రిని ఎవరును కథగా చెప్పుకొనలేదు. చెఱువు కాచువాని పని యట్టిది. అది చక్కగా జరిగినచో ఏమియు జరుగనట్లే యుండును.

ఇక మన యాచారములను చూడుడు. వేసవిలో చెఱువెండగానే ఒండ్రుమట్టిని బండ్లమీద పొలములకు తోలుదుము. పొలమునకు బలము, చెఱువునకు లోతు. ఆషాఢ శ్రావణములలో కట్టమైసమ్మకు బోనములెత్తుదుము. శ్రావణమున లంబాడి తండాలలో పెండ్లికాని పిల్లలు బుట్టలలో గోధుమలు చల్లి, తొమ్మిది దినములు నీరుపోసి మొలకలు పెంచి, తీజు పండుగ ముగియునాడు నీటిలో కలుపుదురు. మహాలయామావాస్య మొదలు తొమ్మిది దినములు తంగేడు, గునుగు పేర్చి ఆడపడుచులు బతుకమ్మ ఆడి నీటికి సాగనంపుదురు. చర్చివారు పంటల పండుగ జరిపి, పండినదానిలో తొలిపాలు దేవునికి తెచ్చి యిత్తురు. మతములు వేఱు, పాటలు వేఱు, మడినీరు ఒక్కటే.

ఈ పండుగలన్నియు చెఱువును కాచుటకే పుట్టినవని నేననను. కాని వాని ఫలమొకటి కలదు. వాన మొదలగునపుడు, చెఱువు నిండుచున్నపుడు, నిండి బరువెక్కినపుడు ఊరివారు కట్టమీదికి వత్తురు. కన్నులు వచ్చినచో గండి ముందుగా కనబడును.

ఇట్టి సీమ లోకమున మనదొక్కటే కాదు. జపాను దేశమున షికోకు ద్వీపమందు సానుకి యను సీమ కలదు. నేటి పేరు కగావా. అచ్చట పెద్ద నదులు లేవు, ఆ దేశపు లెక్కకు వానయు తక్కువ. కావున వారును పదివేలకు పైబడి చెఱువులు కట్టుకొనిరి. వరి కోసిన మడిలో గోధుమ వేయుదురు. ఆ పిండితో చేయు ఊదోన్ అను లావు సేమియా వారి నిత్యాహారములలో నొకటి. కఱవు వచ్చినపుడు పూర్వము అగరువత్తి వెలిగించి, అది కాలునంతసేపే ఒక్కొక్క మడికి నీరు విడిచెడివారు. మన నీటివంతులకు అది తోబుట్టువు.

వారి పెద్దచెఱువు పేరు మన్నో. అది ఎనిమిదవ శతాబ్దారంభమున పుట్టినది. వఱదకు తెగగా, బాగుచేయుటకు ప్రభుత్వము పంపిన అధికారికి పనివారు చాలరైరి. అప్పుడు ఆ సీమలోనే పుట్టి, చీనాకు పోయి సంస్కృతము సయితము నేర్చివచ్చిన కూకై యను బౌద్ధసన్న్యాసిని పంపుడని అచ్చటివారు కోరిరి. 821లో ఆయన రాగా జనము తరలివచ్చి కట్ట నిలిపిరి.

కాని 1184లో ఆ కట్ట మరల తెగెను. ఈ తడవ బాగుచేయువారు లేరైరి. నీరులేని చెఱువుగర్భమున జనులు పొలములు దున్నిరి, ఇండ్లు కట్టిరి. ఆ యూరికి ‘చెఱువులోని యూరు’ అను నర్థము వచ్చు పేరు నిలిచెను. నాలుగు వందల యేండ్లు దాటినపిమ్మట 1631 నాటికి గాని చెఱువు మరల నిండలేదు. ఆ సీమకు 1974లో దూరపు నదినుండి కాలువనీరు వచ్చినది. అయినను వారు మన్నోను విడువలేదు. నేటికిని ఏటేట జూను నడుమ, మనకు మృగశిర కార్తె ప్రవేశించిన వారమునకే, తూమెత్తు దినమును పండుగగా జరుపుకొందురు.

పెద్దలారా! ‘చెఱువులోని యూరు’ అను మాట మనకు కొత్తదా? శిఖము భూమిలో గట్లు వేయుట, మత్తడిదారిన గోడ లేపుట మనమెఱుగనివి కావు. బోరుబావులు వచ్చినపిమ్మట చెఱువుతో పనిలేదనుకొంటిమి. పటేలు పట్వారీల పద్ధతి 1984లో పోయినది. పాత గ్రామకట్టుబాట్లు సడలినవి. చాలయూళ్లలో నీరటి పని పేరునకే మిగిలినది. 2015లో మిషన్ కాకతీయ పేర ప్రభుత్వము 46 వేలకు పైబడిన చెఱువులను బాగుచేయ సంకల్పించినది. పూడిక తీయుటకు యంత్రము చాలును. రాత్రివేళ వెలుపలి తడిని చూచుటకు యంత్రమేది? 2024 సెప్టెంబరు మొదటి దినమున కుండపోతగా కురిసి, కేసముద్రము దగ్గఱ రైలుపట్టాల క్రింది కంకరయే కొట్టుకొనిపోయినది. మున్నేరు ఖమ్మమును ముంచినది. అంతటి వానకు ఒక నీరటి అడ్డుపడునని నేననను. కాని అట్టి వాన వచ్చినపుడు మన కట్ట యెట్లున్నదో ముందే తెలిసియుండుట మన చేతిలోని పని.

కావున నా మనవి చిన్నది. ఏటేట మృగశిరకు ముందొక దినము నిర్ణయింపుడు. ఊరివారెల్లరును కట్ట ఈకొననుండి ఆకొనవఱకు నడువుడు. కట్టమీది పొదలు కొట్టించి, బొక్కలు పూడ్పించి, మత్తడిదారి తెఱపింపుడు. ఊరికొకని కాపుగా నియమించి, కల్లమున అతని పాలు మఱవకుడు. బతుకమ్మనాడు మనుమలను వెంటగొనిపోయి, పువ్వులు నీట విడిచినపిమ్మట ఒక్కసారి వెలుపలి వాలుకు దింపి, తడి యెట్లుండునో వారికి చూపుడు. నాకు ఆ ముసలినీరటి చూపినాడు. నేను మీకు చెప్పితిని.

సెలవు.