ఇంటిల్లిపాదీ చదివిన సాహిత్యం
విక్టోరియా యుగపు ఇంగ్లీషు రచనలు, మన తొలి నవలలు

గుణదల మీదుగా పారే ఏలూరు కాలువను రోజూ చూసేవారికి విక్టోరియా యుగం మరీ దూరపు సంగతేమీ కాదు. కాటన్ దొర పట్టుబట్టగా, కెప్టెన్ ఆర్ దగ్గరుండి బెజవాడ వద్ద కృష్ణకు కట్టించిన తొలి ఆనకట్ట 1852లో మొదలై 1855లో ముగిసింది. ఆ ఆనకట్ట స్థానే 1957లో ప్రకాశం బరాజు వచ్చింది కాని, డెల్టా పొలాలకు నీరు మోసుకుపోయే కాలువలు మాత్రం ఆ యుగపు ఆనవాళ్ళే.

ఇక్కడ ఆనకట్ట పని ముమ్మరంగా సాగుతున్న 1854లోనే, అక్కడ లండనులో చార్లెస్ డికెన్స్ తన వారపత్రికలో ‘హార్డ్ టైమ్స్’ అనే నవలను వారం వారం ప్రకటిస్తున్నాడు. లెక్కలూ, లాభాలూ తప్ప మరొకటి ఎరుగని ఒక మిల్లుల పట్టణం కథ అది. యంత్రాలను చూసుకొని మురిసిపోయిన జాతే, ఆ యంత్రాల కింద నలిగిన మనుషుల మాటేమిటని తన్ను తాను నిలదీసుకొన్నది. ఈ రెండవ పని చేసినది సాహిత్యం. దాని లక్షణాలేమిటో, దానికీ మన తెలుగు ఇళ్ళకూ ఉన్న చుట్టరికమేమిటో చూద్దాం.

విక్టోరియా 1837 జూన్ 20న రాణి అయింది. 1901 జనవరి 22న కన్నుమూసింది. ఈ 63 ఏళ్ళలో రైళ్ళు వచ్చాయి, తంతి వచ్చింది, చదువు పెరిగింది, పత్రికలు పెరిగాయి. అన్నిటికీ మించి, కాస్త తీరికా కాస్త ఆదాయమూ గల మధ్యతరగతి కుటుంబం పెరిగింది. అంతకుముందు కవులకు ప్రభువులు పోషకులు. ఇప్పుడు రచయితకు పోషకుడు ఇంటి యజమాని. అతనితో పాటు అతని భార్య, పిల్లలు, తల్లి, వంటమనిషి కూడా!

“తరువాయి వచ్చే సంచికలో”

ఆ రోజుల్లో నవల కొనడం సామాన్యుడి తరం కాదు. మూడు సంపుటాలుగా అచ్చయ్యే నవల వెల 31 షిల్లింగుల 6 పెన్నీలు, అంటే ఒకటిన్నర గినీ. 1842లో మ్యూడీ అనే వ్యాపారి అద్దె గ్రంథాలయం తెరిచి, ఏడాదికి ఒక గినీ చందా పెట్టాడు. ఒక్క నవల కొనే డబ్బు కంటె తక్కువకే సంవత్సరం పొడుగునా చదువుకోవచ్చునన్నమాట.

రెండో దారి ధారావాహిక. డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’ 1836 ఏప్రిల్‌లో నెలకొక భాగం చొప్పున, ఒక్కొక్కటి షిల్లింగు వెలతో రావడం మొదలైంది. మొదట వందల్లో సాగిన అమ్మకం చివరికి 40,000 ప్రతుల దాకా పోయింది. ఆ తరువాత థాకరే, జార్జి ఇలియట్, హార్డీ వంటి పేరుగన్నవారంతా ఈ బాటనే నడిచారు.

విడివిడిగా వచ్చే కథకు కొన్ని నియమాలు తప్పవు. ప్రతి భాగమూ ఏదో ఒక కుతూహలం దగ్గర ఆగాలి. నెల తరువాత కూడా పాఠకుడు పాత్రను ఆనవాలు పట్టాలి కనుక ఆ పాత్రకు ఒక ఊతపదమో, ఒక చేష్టో ఉండాలి. పెద్దమనిషి కథతో పాటు బండివాడి కథ కూడా నడవాలి, ఎందుకంటే వినేవారిలో ఇద్దరూ ఉన్నారు. చదువు రానివారికి చదువు వచ్చినవారు బిగ్గరగా చదివి వినిపించేవారు. విక్టోరియా నవలలు అంత పొడుగుగా ఉండడానికీ, అంతమంది మనుషులతో కిటకిటలాడడానికీ, నవ్విస్తూ నవ్విస్తూనే కంటతడి పెట్టించడానికీ ఇదే కారణం.

లెక్క కథ అయింది

ఈ సాహిత్యపు రెండవ లక్షణం సంఘాన్ని గురించిన బెంగ. 1834లో వచ్చిన పేదల చట్టం దిక్కులేనివారిని అనాథ శాలల్లోకి తోసింది. 1837లో డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’ మొదలుపెట్టి ఆ శాల తలుపులు పాఠకుల ముందు బార్లా తెరిచాడు. 1842లో ఒక ప్రభుత్వ విచారణ సంఘం గనుల్లో పనిచేసే పసిపిల్లల గతిని నివేదికగా ప్రకటించింది. మరుసటి ఏడాదే ఎలిజబెత్ బారెట్ అనే కవయిత్రి ఆ పిల్లల మొర వినిపిస్తూ పద్యం వ్రాసింది. మాంచెస్టరులో కాపురమున్న గాస్కెల్ అనే మతబోధకుని భార్య, 1848లో మిల్లు కూలీల కథను ‘మేరీ బార్టన్’ నవలగా తెచ్చింది. నివేదికలో అంకె అయినది పుస్తకంలో మనిషి అయింది. చట్టాలు మారడానికి ఇవే కారణమని చెప్పడం అతిశయోక్తి కావచ్చు గాని, మారక తప్పదన్న భావం ఇంటింటికీ చేరడానికి ఇవి కారణమంటే కాదనేవారుండరు.

మూడవ లక్షణం సంశయం. భూమి వయస్సు మతగ్రంథం చెప్పినదాని కంటె ఎంతో ఎక్కువని భూగర్భ శాస్త్రజ్ఞులు అప్పటికే చెబుతున్నారు. 1859లో డార్విన్ గ్రంథం వెలువడింది. నమ్మకం సడలిపోతోంది, నమ్మాలన్న కోరిక మాత్రం పోవడం లేదు. 1833లో చనిపోయిన ప్రాణమిత్రుని కోసం టెన్నిసన్ 17 ఏళ్ళపాటు ముక్క ముక్కగా వ్రాసి 1850లో ప్రకటించిన ‘ఇన్ మెమోరియమ్’ నిండా ఈ పెనుగులాటే. 1867లో అచ్చయిన ఆర్నాల్డ్ కవిత ‘డోవర్ బీచ్’లోనూ ఇదే దిగులు. శాస్త్రానికీ శ్రద్ధకూ మధ్య నలిగిన ఇంగ్లీషువాడు, మనం అనుకొనేటంత నిబ్బరంగా ఏమీ లేడు.

మగపేరు వెనుక ఆడమనిషి

1847లో ‘జేన్ ఐర్’ అనే నవల వచ్చింది. రచయిత పేరు కరర్ బెల్ అని ఉంది. ఆ పేరు చాటున ఉన్నది షార్లట్ బ్రాంటీ అనే మతాచార్యుని కూతురు. ఆమె చెల్లెళ్ళు ఎమిలీ, ఆన్ కూడా అలాగే మారుపేర్లు పెట్టుకొన్నారు. జార్జి ఇలియట్ అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్. ఆడది వ్రాసిందంటే చులకనగా చూస్తారన్న భయం వారిది.

‘జేన్ ఐర్’ నాయిక రూపసి కాదు, ధనవంతురాలు కాదు, తల్లిదండ్రులు లేరు. పరాయి ఇంట పిల్లకు చదువు చెప్పి బతికే పిల్ల. అయినా తనకూ ఒక మనస్సుందనీ, దాన్ని ఎవరికీ అమ్ముకోననీ నిలబడుతుంది. పెళ్ళయిన స్త్రీ సంపాదన, ఆస్తి భర్త పాలే అన్న చట్టం ఇంగ్లండులో 1870, 1882 సంవత్సరాల చట్టాలతో గాని మారలేదు. నవలానాయిక శాసనసభ కంటె చాలా ముందుగా నడిచిందన్నమాట.

తెర వెనుక సంగతి

ఇంతవరకూ మెచ్చుకొన్నాం, ఇక లోపాల మాట. ఇంటిల్లిపాదీ చదవాలి కనుక కన్నెపిల్ల చెవిన పడరానిది పుస్తకంలో ఉండరాదన్న పట్టుదల ఆ యుగాన్ని పట్టి పీడించింది. మ్యూడీ కాదన్న నవల అమ్ముడుపోవడం కష్టం. 1891లో హార్డీ ‘టెస్’ నవల ‘ది గ్రాఫిక్’ అనే బొమ్మల వారపత్రికలో వచ్చింది. నాయిక మోసపోయిన ఘట్టం అందులో లేదు. వాన నీరు నిలిచిన దారిలో పాలు పితికే పిల్లలను నాయకుడు చేతుల మీద ఎత్తి దాటించే ఒక ముచ్చటైన సన్నివేశం ఉంది. అది కూడా సభ్యత కాదని, పత్రికలో ఆ పిల్లలను ఒంటిచక్రపు తోపుడుబండి మీద దాటించవలసి వచ్చింది! పుస్తకంగా వచ్చినప్పుడు హార్డీ తీసినవాటిని చాలావరకు తిరిగి చేర్చాడు. 1895లో వచ్చిన ‘జూడ్’ మీద మరింత దుమారం రేగింది. ఆ తరువాత ఆయన నవలల జోలికి పోక పద్యాలకే పరిమితమయ్యాడు.

రెండో లోపం మనకు మరీ దగ్గరిది. డికెన్స్ 1861లో ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను విషాదంగా ముగించబోతే, బుల్వర్ లిట్టన్ అనే నవలాకారుడు వద్దని చెప్పి ముగింపు మార్పించాడు. ఈ మెత్తని మనసు పెద్దమనిషి కొడుకే, తానూ కవియే అయిన లిట్టన్ ప్రభువు 1876లో మనకు వైస్రాయిగా వచ్చాడు. 1877 జనవరి 1న, మద్రాసు రాజధాని కరువుతో కటకటలాడుతుండగా, ఢిల్లీలో మహా దర్బారు జరిపి విక్టోరియాను చక్రవర్తిని అని చాటించాడు. 1878లో దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం తెచ్చాడు. దక్షిణాదికి ఆ చట్టం వర్తించకపోవడం మన అదృష్టం. కల్పిత పాత్ర కన్నీళ్ళకు కరిగిన యుగానికి సముద్రం అవతలి నిజమైన ఆకలి కనిపించలేదు. ఈ మాట చెప్పకుండా విక్టోరియా సాహిత్యాన్ని పొగిడితే సగం పాఠమే చెప్పినట్టు.

మన ఇంటికి వచ్చిన కథ

విచిత్రమేమిటంటే, ఆ 1878లోనే రాజమహేంద్రవరంలో మన కథ మొదలైంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో స్థాపించిన ‘వివేకవర్ధని’ పత్రికలో ‘రాజశేఖర చరిత్రము’ భాగాలుగా రాసాగింది. 1880లో పుస్తకమయింది. పంతులుగారికి ప్రేరణ ఇచ్చినది గోల్డ్‌స్మిత్ నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. అది 1766 నాటిది. అంటే విక్టోరియా పుట్టకముందే వచ్చిన పుస్తకం. కాని పత్రికలో విడతలుగా రావడం, సంసారం ఒకటి తీసుకొని సంఘాన్నంతా చూపడం, చదివినవారి నడత మారాలని కోరడం – ఇవన్నీ పంతులుగారు బ్రతికిన కాలపు పద్ధతులు. బీజం పాతది, సేద్యం కొత్తది, నేల మాత్రం గోదావరి ఒడ్డు ధవళేశ్వరానిది. ముఖస్తుతికి ఉబ్బి ఆస్తి పోగొట్టుకొనే రాజశేఖరుడు, బంగారం చేస్తానని ఉన్న బంగారం ఊడ్చుకుపోయే బైరాగి, కష్టాల పాలయ్యే రుక్మిణి – వీరు ఏ ఇంగ్లీషు ఊరివారూ కారు. 1887లో ఈ నవల ‘ఫార్చ్యూన్స్ వీల్’ అనే పేరుతో ఇంగ్లీషులోకి వెళ్ళింది. విక్టోరియా కాలపు ఇంగ్లీషువారు మన సంసారాన్ని తమ భాషలో చదివారు.

పంతులుగారు కథతో ఆగలేదు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించారు. డికెన్స్ అనాథ పిల్లల గురించి వ్రాసినట్టే ఆయన ఆడపిల్లల గురించి వ్రాశారు. కాని తాను వ్రాసినదాన్ని తన ఊరిలో, తనవారి మధ్య, వెలికి వెరవక చేసి చూపారు.

ఇక విజయనగరం సంగతి. కన్యాశుల్క వివాహాల పట్టిక ఒకటి అక్కడి మహారాజు ఆనంద గజపతి తయారు చేయించారు. మూడేళ్ళ కాలానికి లెక్కకు వచ్చినవి 1,034. ఆ అంకెల వెనుక ఉన్న పసిపిల్లలను గురజాడ అప్పారావుగారు రంగస్థలం మీదికి తెచ్చారు. ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. లండనులో విచారణ నివేదిక పద్యమైనట్టే, ఇక్కడ పట్టిక నాటకమైంది. అయితే ఒక్క భేదం. 1909లో గురజాడవారు పెంచి వ్రాసిన కూర్పులో అందరికంటె వివేకమూ దయా గల మనిషి వేశ్య అయిన మధురవాణి. టెస్ కథకే కత్తెర వేసిన పత్రికలు ఆ పాత్రను గడప దాటనిచ్చేవని నేననుకోను.

ఇంటికి తగినది ఏది?

“ఇంట్లో అందరూ చదవదగిన కథలే పిల్లలకు ఇవ్వాలి” అని పెద్దలు అంటూ ఉంటారు. మంచి మాటే. కాని “చదవదగినది” అన్నదానికి విక్టోరియా యుగం రెండు అర్థాలు చెప్పింది. మ్యూడీ అర్థం ఒకటి: ఇంటిని ఇబ్బంది పెట్టనిది. డికెన్స్, బ్రాంటీ, హార్డీ చెప్పిన అర్థం మరొకటి: ఇంట్లో జరిగే అన్యాయాన్ని ఇంటివారే గుర్తుపట్టేటట్టు చేసేది. మొదటి అర్థానికి తగ్గ పుస్తకాలు వేలకొద్దీ వచ్చి చెదలపాలయ్యాయి. రెండవ అర్థానికి కట్టుబడ్డవి నేటికీ కళాశాలల్లో పాఠ్యగ్రంథాలు.

వీరేశలింగం పంతులుగారూ గురజాడవారూ మనకు పట్టి ఇచ్చినది ఈ రెండవ అర్థాన్నే. మన పిల్లలు ‘ఆలివర్ ట్విస్ట్’ చదివితే సంతోషమే. దానితో పాటు ‘రాజశేఖర చరిత్రము’ కూడా చేతికివ్వండి. అమ్మాయిలు ‘జేన్ ఐర్’ చదివాక ‘కన్యాశుల్కం’ తెరిస్తే, రెండు దేశాల ఆడపిల్లలు ఒకే ప్రశ్న అడగడం వినపడుతుంది.

ధారావాహికలో ఇంకొక మేలున్నది. ఒక సంచికకూ మరొక సంచికకూ నడుమ వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో తండ్రి ఒకటంటాడు, కూతురు కాదంటుంది, నాయనమ్మ ఇద్దరినీ కోప్పడి మూడో మాట చెబుతుంది. కథ మీది వాదన నెమ్మదిగా సొంత ఇంటి మీదికి మళ్ళుతుంది. కూతురు చెప్పే మాట తండ్రి చెవిని పడేది అప్పుడే.