కొత్త టీవీ కొనేముందు: తెర మీద చెరగని మచ్చ

నేను ఖబూరా నుంచి మాట్లాడుతున్నాను. మస్కట్ నుంచి సోహార్ వెళ్ళే దారిలో సముద్రం ఒడ్డున ఉంటుంది మా ఊరు. నా ఉద్యోగం కంప్యూటర్లతో కాబట్టి తెలిసినవాళ్ళు టీవీ కొనేముందు నన్నొక మాట అడుగుతూ ఉంటారు. "ఓఎల్ఈడీ తీసుకోవచ్చా? తెర మీద మచ్చలు పడతాయట కదా?" అని. దాన్నే ఇంగ్లీషులో బర్న్-ఇన్ అంటారు. ఈ రోజు దాని గురించి చెప్పుకుందాం.

ముందు నాకు తగిలిన దెబ్బ చెబుతాను. 2016లో నేను ఇక్కడికి వచ్చిన కొత్తల్లో, ఇండియా వెళ్ళిపోతున్న ఒక కుటుంబం దగ్గర 40 రియాళ్ళకు పాత ప్లాస్మా టీవీ కొన్నాను. వెళ్ళేవాళ్ళ సామాను వచ్చేవాళ్ళ ఇంటికి చేరడం గల్ఫులో మనందరికీ అలవాటే కదా. వాళ్ళు వార్తల ఛానెల్ పెట్టి చూపించారు, బొమ్మ బాగానే ఉంది. ఇంటికి తెచ్చి రాత్రి సినిమా పెడితే, తెర అడుగున వార్తల పట్టీ నీడలా కనిపించింది, మూలన ఆ ఛానెల్ ముద్ర. సినిమాలో ఆకాశం వచ్చినప్పుడల్లా అందులో ఆ ముద్ర! కొనేటప్పుడు అదే ఛానెల్ వస్తున్నది కాబట్టి మచ్చ అసలు ముద్ర కిందే దాక్కుందన్నమాట. వాళ్ళు మోసం చేశారని నేను అనుకోను. ఎప్పుడూ అదే ఛానెల్ చూసేవాళ్ళకి అది కనపడే అవకాశమే లేదు.

ఇంతకీ ఈ మచ్చ ఎందుకు పడుతుంది? పేరు బర్న్-ఇన్ గానీ, అక్కడ ఏదీ కాలదు. జరిగేది అరుగుదల. పాత గుడి మెట్లు చూడండి, అందరూ కాలు పెట్టే చోటే గుంట పడుతుంది. ప్లాస్మాలోనూ ఓఎల్ఈడీలోనూ ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇస్తుంది. వెలిగినకొద్దీ ఆ చుక్కలోని పదార్థం కొంచెం కొంచెంగా సత్తువ కోల్పోతుంది. సినిమాలో బొమ్మ కదులుతూ ఉంటుంది కాబట్టి చుక్కలన్నీ ఇంచుమించు సమానంగా అరుగుతాయి, మన కంటికి తేడా తెలియదు. ఛానెల్ ముద్ర, కింద పట్టీ మాత్రం గంటల తరబడి ఒకేచోట ప్రకాశంగా ఉంటాయి. అక్కడి చుక్కలు పక్కవాటికంటే ముందు ముసలివవుతాయి. ప్రకాశం ఎక్కువైనా, వేడి ఎక్కువైనా ఈ అరుగుదల ఇంకా త్వరగా జరుగుతుంది.

ఒక గంట స్కోరుబోర్డు చూశాక కాసేపు నీడ కనిపించి పోతే అది వేరు. అది తాత్కాలికం, దానికి కంగారు పడక్కర్లేదు.

ప్లాస్మాల కాలం 2014తో దాదాపు ముగిసింది. పానసోనిక్ 2013 చివర్లో వాటి తయారీ ఆపేసింది, శామ్‌సంగ్, ఎల్‌జీలు ఆ మరుసటి ఏడు తప్పుకున్నాయి. ఇప్పుడు దుకాణంలో ఉండేవి ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి ఎల్‌సీడీ, దీనికి వెలుగు వెనకనున్న దీపాల నుంచి వస్తుంది. ఎల్ఈడీ టీవీ, క్యూఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ అని అమ్మేవన్నీ ఈ జాతివే. రెండోది ఓఎల్ఈడీ. క్యూడీ-ఓఎల్ఈడీ కూడా ఇందులోదే. క్యూఎల్ఈడీకి, ఓఎల్ఈడీకి పేరులో ఒక్క అక్షరమే తేడా, లోపల మాత్రం పూర్తిగా వేరు. బిల్లు కట్టేముందు పేరు ఒకటికి రెండుసార్లు చదవండి.

మరి ఓఎల్ఈడీలో ఈ భయం ఎంతవరకు నిజం? కెనడాలోని ఆర్‌టింగ్స్ అనే పరీక్షల సంస్థ 2018లో ఆరు ఎల్‌జీ ఓఎల్ఈడీ టీవీలను రోజుకు 20 గంటలు నడిపింది. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క రకం కార్యక్రమం పెట్టారు. ప్రకాశం పూర్తిగా పెంచి సీఎన్ఎన్ వార్తలు నడిపిన టీవీలో మచ్చ స్పష్టంగా పడింది. రకరకాల బొమ్మలు వచ్చిన వాటిలో కొన్ని వేల గంటల తర్వాత కూడా చెప్పుకోదగ్గ మచ్చ లేదు. టీవీలన్నీ ఒకే మోడల్, చూసిందే వేరు. ఆ తర్వాత వచ్చిన ప్యానెళ్ళు మెరుగుపడ్డాయి గానీ, అరుగుదల సూత్రం మారలేదు.

అలాగని ఎల్‌సీడీకి జబ్బులే లేవని కాదు. ఇలాంటి మచ్చ దానికి మామూలుగా పడదు. కానీ అంచుల్లో మాత్రమే దీపాలు పెట్టి చేసిన పల్చటి రకాల్లో కొన్నేళ్ళకు వెలుగు సమంగా రాకపోవచ్చు. నలుపు కూడా ఓఎల్ఈడీ అంత చిక్కగా ఉండదు.

అందుకని దుకాణానికి వెళ్ళేముందు మన ఇంటిని కొలవాలి. వారం రోజులు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, ఏ ఛానెల్ ఎన్ని గంటలు నడిచిందో రాయండి. జగిత్యాలలో మా బాపుకి టీవీ కొనాలనుకున్నప్పుడు నేను ఇదే చేశాను, ఫోన్లో అమ్మను అడిగి. ఒకే వార్తల ఛానెల్, రోజుకు ఎనిమిది గంటలు. అంటే ఏడాదికి 2,920 గంటలు, ఐదేళ్ళకు 14,600. ఇక్కడ మా ఇంట్లో సినిమా, క్రికెట్టు, పిల్లల బొమ్మలు అన్నీ కలిపి రోజుకు మూడు గంటలు, అందులో ఒకే ఛానెల్ వార్తలు అరగంట. ఐదేళ్ళకు ఆ వార్తలు దాదాపు 912 గంటలే.

ఇంకొక సంగతి కూడా బయటపడింది. ఓఎల్ఈడీ టీవీలు ఆపిన తర్వాత తమంతట తామే చుక్కలను సరిచూసుకుంటాయి. ఎల్‌జీవాటిలో మొత్తం నాలుగు గంటలు నడిచాక, రిమోటుతో ఆపితే, కొద్ది నిమిషాల్లో ఈ పని జరుగుతుంది. 2,000 గంటలకు ఒకసారి పెద్ద సవరణ, దానికి గంట దాకా పడుతుంది. ఇదంతా గోడ దగ్గర స్విచ్చు వేసి ఉంటేనే. బాపుతో ఆ మాట అంటే, "పండేముందు స్విచ్చు బంద్ చెయ్యకుంటే కరెంటు కాలదా కొడుకా?" అన్నాడు. నలభై ఏళ్ళ అలవాటు, ఒక టీవీ కోసం మార్చుకోమంటే ఎట్లా? పైగా ఊళ్ళో కరెంటు పోతే ఎటూ ఆగిపోతుంది.

నిజం చెప్పాలంటే నాకు బాపుకి ఓఎల్ఈడీయే కొనాలని ఉండింది. దూరంగా ఉన్నవాళ్ళం కదా, ఖరీదైనది పంపితేనే తృప్తి. కానీ రెండేళ్ళకు మచ్చ పడితే ఆయన నాతో చెప్పడు, కొడుకు డబ్బు పాడు చేశానని లోపల బాధపడతాడు. అందుకే ఆయనకు మంచి ఎల్‌సీడీ, అక్కడి దుకాణంలోనే కొనిపించాను. వారంటీకి మనిషి ఇంటికొస్తాడు. ఇక్కణ్ణుంచి మోసుకెళ్దామా అంటే, 2013 ఆగస్టు 26 నుంచి ఇండియాలో ఫ్లాట్ టీవీలకు సుంకం మినహాయింపు తీసేశారు. ఆ తర్వాతే మాకు ఓఎల్ఈడీ తీసుకున్నాం.

మీరూ ఓఎల్ఈడీ తీసుకుంటే కొన్ని జాగ్రత్తలు. దుకాణంలో పెట్టిన మిరుమిట్ల ప్రకాశాన్ని ఇంట్లో తగ్గించండి. ఇక్కడి ఎండకు కిటికీ ఎదురుగా టీవీ పెట్టకండి, పరదా వేసుకుంటే తక్కువ ప్రకాశమే సరిపోతుంది. ముద్రలను మసకబరిచే, బొమ్మను కాస్త జరిపే సదుపాయాలు ఆపేయకండి. ఆటను మధ్యలో ఆపి భోజనానికి వెళ్ళవద్దని పిల్లలకు చెప్పండి. సెలవుకు ఊరెళ్ళేటప్పుడు రిమోటుతో ఆపి, కాసేపాగి, అప్పుడు స్విచ్చు తీయండి. చాలా కంపెనీల మామూలు వారంటీలో ఈ మచ్చ ఉండదు, కాబట్టి కాగితం చదివి కొనండి.

పాత టీవీ కొంటే మాత్రం నాలా మోసపోకండి. పెన్‌డ్రైవులో తెర నిండా లేత బూడిద రంగు, ఎరుపు రంగు బొమ్మలు రెండు తీసుకెళ్ళి పెట్టి చూడండి. మచ్చ ఉంటే వెంటనే బయటపడుతుంది.

మా బాపు ఇప్పటికీ రాత్రి స్విచ్చు బంద్ చేసే పడుకుంటాడు. ఆ టీవీకి దాంతో వచ్చిన నష్టమేమీ లేదు.