పరిహారం కాదు, పెట్టుబడికి ఆసరా

కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర కలుస్తాయి. పుష్కరాలకు అది పుణ్యస్థలం, వానాకాలంలో ఆ ఊరున్న రెంజల్ మండలం రైతుకు గుబులు. ఎగువన నిజాంసాగర్ గేట్లెత్తి, దిగువన శ్రీరాంసాగర్ నిండుగా ఉంటే నీళ్లకు పోయే దారుండదు. వెనక్కి తన్ని సోయా చేలల్లో, వరి పొలాల్లో నిలుస్తాయి. 2025 ఆగస్టు చివర్లో అదే జరిగింది. నీళ్లు తీయగానే డబ్బుల ముచ్చట మొదలవుతుంది. దాంట్లో పుకార్లే ఎక్కువ.

అపోహ: మునిగిన పంట విలువ సర్కారు కట్టిస్తుంది.

‘నష్టపరిహారం’ అన్న మాటే తప్పుదారి పట్టిస్తోంది. కాగితాల్లో దాని పేరు ఇన్‌పుట్ సబ్సిడీ. పోయిన పంటకు ధర కాదది, మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కోవడానికి ఆసరా. 2022–26కు కేంద్రం ఖరారు చేసిన రేట్ల ప్రకారం హెక్టారుకు వర్షాధార పంటకు రూ.8,500, నీటి వసతి ఉన్న పంటకు రూ.17,000. మన లెక్కలో చెప్పాలంటే తరి పొలానికి ఎకరాకు సుమారు రూ.6,900. అందరి నోటా నానే ‘ఎకరాకు 10,000’ రాష్ట్రం విడిగా ప్రకటించిన మొత్తం. 2023 మార్చిలో వడగళ్లు పడ్డప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, 2024 సెప్టెంబర్ వరదలప్పుడు ముఖ్యమంత్రిగా రేవంత్ రెడ్డి ఆ మాట చెప్పారు. ప్రకటన లేకుండా దానంతట అది రాదు.

అపోహ: పొలంలోకి నీళ్లొస్తే చాలు, నష్టం జాబితాలో పేరెక్కుతుంది.

33 శాతం, ఆపైన నష్టపోతేనే ఎక్కుతుంది. 2015కు ముందు ఈ గీత 50 దగ్గర ఉండేది. అసలు పేచీ ఇక్కడే. సోయాలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది, చూసినవాళ్లకు అనుమానమే ఉండదు. వరి కొంత ఓర్చుకుని మళ్లీ పచ్చబడుతుంది. ఆ పచ్చదనం చూసి వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ) ముప్పై శాతమని రాస్తే రూపాయి రాదు, గింజ పట్టేనాటికి ఎన్ని తాలుగింజలు తేలినా సరే. అందుకే సర్వేకు వచ్చిన రోజు రైతు గట్టు మీద ఉండాలి. ఏ సర్వే నంబరు, ఎన్ని గుంటలు, ఏ పంట రాశారో అప్పుడే చూసుకోవాలి.

అపోహ: ఐదెకరాలు దాటితే ఏమీ రాదు.

వస్తుంది, కాకపోతే రెండు హెక్టార్లు, అంటే దాదాపు ఐదెకరాల వరకే. ఇసుక మేటలు తీసుకోవడానికిచ్చే హెక్టారుకు రూ.18,000 మాత్రం చిన్న, సన్నకారు రైతులకే. మేట మూడంగుళాలు దాటి ఉండాలి.

అపోహ: ఢిల్లీ బృందం వచ్చి చూస్తేనే పైసలు కదులుతాయి.

రాష్ట్ర విపత్తు నిధి ముందే రాష్ట్రం దగ్గర ఉంటుంది. అందులో 75 శాతం కేంద్రానిది, 25 రాష్ట్రానిది. ఆ నిధి చాలక జాతీయ విపత్తు నిధి నుంచి అదనపు సాయం కావాలన్నప్పుడే కేంద్ర బృందం అంచనాతో పని. ఆలస్యానికి బృందం రాలేదన్నది ఒక సాకు, అంతే.

రాష్ట్రం ఇచ్చే పెట్టుబడి సాయం రైతు భరోసా పడింది కాబట్టి ఇన్‌పుట్ సబ్సిడీ రాదనేవాళ్లూ ఉన్నారు. రెండూ వేరు.

ఇక కౌలుదారు. 2023లో ఖమ్మం జిల్లా బోనకల్ మండలంలో పొలాలు చూసిన కేసీఆర్, సాయం కౌలు రైతులకూ అందాలన్నారు. నిబంధనలో అడ్డేమీ లేదు. అడ్డంతా పట్టాదారు పాసుపుస్తకం దగ్గరే. దాన్లో పేరున్నవాడి ఖాతాకు పోయినంత సులువుగా డబ్బు నాటేసినవాడికి చేరదు. సాగుదారుకు గుర్తింపు కార్డు ఇవ్వాలన్న చట్టం 2011లోనే వచ్చింది. కార్డు ఎందరి చేతిలో ఉందో ఏ ఊళ్లోనైనా రైతువేదిక దగ్గర నిలబడి అడిగి చూడండి.