పాత రూపాయి, ప్లాస్టిక్ డబ్బా, అసలు ధర

గిరణి పగారును వెండి రూపాయల్లో లెక్కపెట్టి తీసుకున్న తరం మన చాళ్లల్లో ఇప్పుడు దాదాపు లేదు. ఆ రూపాయలు మాత్రం చాలా ఇండ్లల్లో ఇంకా ఉన్నాయి. లక్ష్మీపూజ పెట్టెలో నాలుగు, అవ్వ హారంలో పది, బీరువా అడుగున గుడ్డ మూటలో రెండు.

ఈమధ్య వీటి చుట్టూ కొత్త బేరం ఒకటి నడుస్తోంది. పాత నాణేన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి, పైన "ఎంఎస్ 63", "ఎంఎస్ 65" అని అంకె వేసి, "బ్యాంకులో వేస్తే ఏమొస్తది, ఇది కొనండి" అని అమ్ముతున్నారు. పీఎఫ్, గ్రాట్యుటీ చేతికొచ్చిన ఇంటిని ఇలాంటి బేరాలు వెతుక్కుంటూ వస్తాయి. ఆ డబ్బాలన్నీ మోసమని కాదు. చాలావరకు అసలైనవే. కానీ డబ్బా అసలైనదైనంత మాత్రాన అడిగిన ధర అసలైనది కాదు. ఈ రెంటికీ తేడా తెలియకపోతేనే చిక్కు.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. ఈ పనిలో పేరున్నవి రెండు అమెరికా సంస్థలు. పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో పని మొదలుపెట్టాయి. నాణెం పంపితే నిపుణులు చూసి, అసలుదో నకిలీదో తేల్చి, 1 నుంచి 70 లోపు ఒక అంకె ఇస్తారు. ఈ 70 లెక్క 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా పాత రాగి సెంట్ల కోసం వేసింది. 58 దాకా చేతులు మారి ఎంతో కొంత అరిగినవి, 60 నుంచి పైవి వాడకంలో అరగనివి. అంటే అంకె చెప్పేది నాణెం ఒంటి తీరు గురించి మాత్రమే. అది ఎన్ని దొరుకుతాయో, ఎవరికి కావాలో, రేపు ఎంతకు పోతుందో అంకెలో ఉండదు. టంకసాల నుంచి నేరుగా ప్యాకింగులో వచ్చే ఇప్పటి స్మారక నాణేలకు 69, 70 రావడం పెద్ద వింత కాదు. అయినా "డెబ్బైకి డెబ్బై" అని ఊరించి అమ్ముతుంటారు.

పాతదైతే అరుదే అనుకోవడం ఇంకో పొరపాటు. విక్టోరియా రాణి బొమ్మతో 1862 రూపాయినే తీసుకోండి. "నూట అరవై ఏండ్ల కిందటిది వదినా" అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. నిజానికి ఆ తేదీని 1862లో వేసి 1873 దాకా మార్చనే లేదు. అన్నేండ్లు కొట్టిన రూపాయలన్నిటి మీదా అదే 1862. కోట్లకొద్దీ వచ్చాయి. బొంబాయి టంకసాల వాళ్లు ఏ ఏటిదో తెలిసేందుకు చిన్న చిన్న చుక్కలు పెట్టేవాళ్లు. ఆ చుక్కల లెక్కనుబట్టి కొన్ని రకాలు మాత్రం అరుదు. అంతకుముందు కంపెనీ కాలపు 1840 రూపాయిదీ ఇదే కథ. ఆ తేదీ కూడా ఏండ్ల తరబడి మారలేదు.

దీనికి ఎదురు 1939 రూపాయి. విక్టోరియాది కాదు, మన తాతల కాలందే. కానీ 1940లో రూపాయిలోని వెండిని సగానికి తగ్గించారు. ఆ తర్వాత పాత వెండి రూపాయలను వెనక్కి లాగేశారు. అందుకే 1939 తేదీది దొరకడం కష్టం, 1938ది సులభం. 8ని 9గా దిద్దితే ధర ఎక్కడికో పోతుంది గనక, 1939 అనగానే ఆ చివరి అంకె మీద భూతద్దం పెట్టాల్సిందే. ఇలాంటి నాణేనికైతే నమ్మకమైన డబ్బా నిజంగా పనికొస్తుంది. పది వేలకో పాతిక వేలకో కొనేవాడికి అసలుదన్న భరోసా కావాలి కదా. మామూలు 1862కో 1918కో డబ్బా ఖర్చు కొనేవాడి నెత్తిన పడడమే తప్ప ఒరిగేది తక్కువ.

1911 ఐదో జార్జి రూపాయిని "పంది రూపాయి" అంటారు. రాజు వస్త్రం మీద ఏనుగు బొమ్మ పందిలా కనబడుతోందని గొడవ లేవడంతో ఎక్కువ భాగం కరిగించి, 1912లో బొమ్మ దిద్దారు. కథ బాగుంటుంది కాబట్టి అమ్మేవాళ్లు కథకు కూడా ధర కడతారు.

ఇక బేరానికి కూర్చున్నప్పుడు మొదట వెండి లెక్క వేసుకోండి. 1862 నుంచి 1939 దాకా రూపాయి బరువు ఒక తులం, 11.66 గ్రాములు. అందులో అసలు వెండి 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 వరకు బరువు అదే అయినా వెండి 5.83 గ్రాములే. 1947 రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి అంటుకుంటుంది. ఆ రోజు వెండి రేటుతో గుణిస్తే అడుగు ధర తెలుస్తుంది. లెక్క సులువు కోసం గ్రాము 100 అనుకుంటే 1862 రూపాయిలో వెండి 1,069 రూపాయలు. డబ్బాలో పెట్టి 9,000 అడిగితే, మిగతా దాదాపు ఎనిమిది వేలు దేనికని అడిగే హక్కు మనకుంది.

ఆ మిగతాకు రుజువు అమ్ముడుపోయిన ధరల్లో ఉంటుంది. అడుగుతున్న ధరల్లో కాదు. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. వేలం సంస్థలు జరిగిపోయిన వేలాల ఫలితాలు పెడతాయి. అదే తేదీ, అదే టంకసాల, అదే గ్రేడు నాణెం ఈ రెండు మూడేండ్లలో ఎంతకు పోయిందో నాలుగైదు చూడండి. టంకసాల తప్పక చూడాలి. 1912 నుంచి వచ్చిన ఐదో జార్జి రూపాయల్లో తామర పువ్వు కింద చిన్న చుక్క ఉంటే బొంబాయిది, లేకుంటే కలకత్తాది. ఒకే ఏట ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ కొట్టి ఉండవచ్చు. వేలం ధర మీద సంస్థ కమిషన్ కలుస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఇంకో ప్రశ్న ఉంది, మొహమాటం లేకుండా అడగండి: "అన్నా, ఇదే నాణెం రేపు నేను తిరిగి తెస్తే నువ్వెంతిస్తవ్?" జవాబు సగం దగ్గర ఆగితే, కొన్న రోజే సగం పోయినట్టు.

డబ్బా నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులోనో యాప్‌లోనో కొట్టి చూడాలి. మన పిల్లలు రెండు నిమిషాల్లో చేస్తారు. నంబరు దొరికితే చాలదు. నకిలీ డబ్బాల మీద అసలు నంబర్లు వేసే ఘనులున్నారు. అక్కడ ఫోటో ఉంటే నాణెం మీది గీతలు, నల్లటి మరకలు ఒక్కొక్కటే పోల్చుకోండి. చీటీని చివరిదాకా చదవండి. "డీటెయిల్స్", "క్లీన్డ్" అని ఉంటే తోమిందో, దెబ్బ తిన్నదో అని అర్థం. "రీస్ట్రైక్" అంటే పాత అచ్చులతో తర్వాత కొట్టింది. "ఈ గ్రేడులో ప్రపంచంలో మూడే ఉన్నాయి" అంటే, గ్రేడింగుకు పంపినవాటిలో మూడని అర్థం. మన బీరువాల్లో ఉన్నవి ఆ లెక్కలోకి రాలేదు.

బీరువా అంటే గుర్తొచ్చింది. దీపావళికి వెండి రూపాయలను చింతపండుతో తోమి తళతళలాడించడం మన ఇండ్లల్లో అలవాటు. పూజకు బాగుంటుంది, సేకరించేవాళ్ల దగ్గర ధర మాత్రం దిగజారుతుంది. వాళ్లకు కావాల్సింది ఏండ్ల మీద ఏర్పడిన ఆ నల్లటి పొరే. అమ్మే ఆలోచన ఉన్నవాటిని ముట్టకండి. అంచు పట్టుకుని తీసి, కాగితపు కవరులో పొడిగా ఉంచండి. హారంలో కొక్కెం అతికిన రూపాయలను ఊడదీయించి గ్రేడింగుకు పంపినా "డీటెయిల్సే" వస్తుంది. వాటిని హారంగానే ఉంచుకోవడం మేలు. వందేండ్లు దాటిన నాణేలను దేశం బయటికి పంపడానికి 1972 పురావస్తు చట్టం అడ్డు ఉంది. "మీ నాణెం అమెరికా పంపి గ్రేడు తెప్పిస్తాను" అని చేతికివ్వమనే ఏజెంటును ముందు ఆ సంగతి అడగండి.

1818 అని రాసి, హనుమంతుడో లక్ష్మీదేవో ఉన్న కంపెనీ రాగి అణాలైతే చూడనే అక్కర్లేదు. కంపెనీ అలాంటివి కొట్టలేదు.

వైష్ణోదేవి బొమ్మ ఐదు రూపాయలకు లక్షలిస్తామని వచ్చే ఫోన్లు వేరే రకం. ముందు "రిజిస్ట్రేషన్" ఫీజు, తర్వాత "టాక్స్" అంటారు. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి జరిగే ఈ బేరాలతో తమకు సంబంధం లేదని, ఎవరికీ ఫీజులు కట్టవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు. ఎంత తొందరగా చెబితే బ్యాంకులో ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.